లాప్‌టాప్ కింద పలక రాళ్లు

మొన్నామధ్య మా పిన్ని వాళ్ల ఇన్‌కమ్ సర్టిఫికెట్ పని మీద గిద్దలూరు వెళ్లాను. బస్టాండుకి కొంచెం అవతల చిన్న ఆన్‌లైన్ సెంటరు. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకి దేవుడి పటం. ఆపరేటర్ కుర్రాడికి ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. కుర్చీకి ఒక పక్క చెయ్యి ఊడిపోయింది. మెత్తగా ఉండాలని దాని మీద దుప్పటి నాలుగు మడతలేసి పరిచాడు. వెనకాల కిటికీలోంచి ఎండ నేరుగా మానిటర్ మీద పడుతుందని పాత ఫ్లెక్సీ ముక్క ఒకటి తాడుతో కట్టాడు. అందులో ఏ నాయకుడి ఫొటో ఉందో చెప్పను, సగం మీసమే కనిపిస్తోంది లెండి.

నా వంతు వచ్చేదాకా నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో అతను ఒక్కసారి కూడా లేవలేదు. మెడ తాబేలులా ముందుకు చాచి, టేబుల్ మీద బాగా కిందకున్న మానిటర్‌లోకి తొంగిచూస్తూనే ఉన్నాడు. మధ్యలో రెండుసార్లు సీసాలో నీళ్లు చేతిలో పోసుకుని కళ్లకి కొట్టుకున్నాడు.

నోరు ఊరుకోదు కదా. "తమ్ముడూ, మానిటర్ కింద ఏదైనా ఎత్తు పెట్టుకోరాదా, మెడ పట్టేస్తుంది" అన్నాను.

"ఏం పెట్టమంటావన్నా? ఇట్టా ఉంటేనే లైన్లో ఉన్నోళ్లకి నా మొహం కనపడేది. కనపడకపోతే లోపల ఎవరూ లేరనుకుని అరుస్తారు" అన్నాడు.

నవ్వొచ్చింది. వెంటనే నా కుడి మణికట్టు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

2020 మార్చి. హైదరాబాద్‌లో హాస్టల్ ఖాళీ చేయించారు. బ్యాగు, కంపెనీ లాప్‌టాప్ పట్టుకుని మార్కాపురం వచ్చిపడ్డాను. మీలో చాలామంది కథ కూడా ఇదే అయ్యుంటుంది. ఎక్కడో విదేశంలోని ఆస్పత్రుల బిల్లులు చూసి, కోడ్లు కొట్టే పని నాది. రోజుకి తొమ్మిది గంటలు. ఆఫీసులో చక్రాల కుర్చీ ఉండేది, నడుం దగ్గర వంపు ఉండేది. ఇంట్లో ఉన్నది ఒకటే ప్లాస్టిక్ కుర్చీ. టేబుల్ అంటే అమ్మ కుట్టుమిషను. మొదట్లో సరదాగానే ఉండేది. మీటింగ్ బోరు కొడితే కింద తొక్కుడు తొక్కేవాణ్ణి, కటకటమని చప్పుడు. మేనేజర్ "వాట్ ఈజ్ దట్ సౌండ్" అని అడిగేవాడు.

దసరా ముందు అమ్మకి బ్లౌజుల ఆర్డర్లు వచ్చి మిషను వెనక్కి తీసేసుకుంది. నేను మంచం మీదకి మారాను. ఒళ్లో దిండు, దిండు మీద లాప్‌టాప్. కరెంటు పోతే మిద్దె మీద, సిగ్నల్ పోయినా మిద్దె మీదే. ఇట్లా ఏడాది గడిచాక ఒకరోజు పొద్దున టీ గ్లాసు పట్టుకుంటే జారి కిందపడింది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరి. మెడ అటు తిప్పితే కళుక్కుమనేది.

మా వైపు ఒక సంగతుంది. పశ్చిమ ప్రకాశంలో ఎవరైనా నడుం నొప్పనో కీళ్ల నొప్పనో అంటే అందరూ ముందు నీళ్లనే అనుమానిస్తారు. కనిగిరి, దర్శి, మార్కాపురం చుట్టుపక్కల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఏళ్ల తరబడి అలాంటి నీళ్లు తాగితే పళ్లు గారపట్టడమే కాదు, ఎముకలు, కీళ్లు కూడా బిగుసుకుపోతాయి. అందుకే పక్కింటి పెద్దమ్మ "నీళ్లు మార్చురా" అంది. మేనత్త "జిల్లేడాకు కట్టు" అంది. ఫ్రెండొకడు "జిమ్ముకి రా మామా" అన్నాడు. నేను రోజుకి తొమ్మిది గంటలు ఎక్కడ, ఎలా కూర్చుంటున్నానో ఒక్కరూ అడగలేదు. నాక్కూడా తట్టలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్తే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందన్నారు. "కీబోర్డు వల్లేనా సార్" అని అడిగాను. ఆయన తేల్చి చెప్పలేదు. అది ఒక కారణం కావచ్చు, షుగర్, థైరాయిడ్ కూడా చూసుకో, రాత్రి మణికట్టు వంగకుండా పట్టీ వేసుకో అన్నారు. అప్పుడు ఆయన మీద కోపం వచ్చింది కానీ, ఇప్పుడు ఆలోచిస్తే ఆయన నిజాయితీగానే చెప్పారు. ఈ తరహా నొప్పులకి ఇదే కారణమని వేలెత్తి చూపడం కష్టం. నీళ్లా, వయసా, ఫోనా, కుర్చీనా?

కంపెనీకి మెయిల్ పెట్టాను. విడిగా ఒక కీబోర్డు, మౌసు, వీలైతే కుర్చీ ఇప్పించమని అడిగాను. మూడు వారాలకి హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వచ్చింది. చాలా మర్యాదగా మాట్లాడిందావిడ. "మీకు ఆఫీసులో వచ్చింది కాదు కదండీ, ఇంట్లో వచ్చింది. పైగా దీనివల్లే వచ్చిందని డాక్టర్ లెటర్ ఉందా?" అంది. లెటర్ లేదు. ఫోన్ పెట్టేశాను.

ఆ రోజు మా నాయన వసారాలో కూర్చుని ఇదంతా వింటున్నాడు. నాయన పాతికేళ్లు పలకల ఫ్యాక్టరీలో పనిచేశాడు. మార్కాపురం అంటే పలకలే కదా. ఇప్పుడు ప్లాస్టిక్ పలకలు, నోటు పుస్తకాలు వచ్చి ఆ పని పలచబడిపోయింది గానీ, ఒకప్పుడు దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో అఆలు దిద్దింది మా ఊరి రాయి మీదే. ఇప్పుడదే రాయి గోడలకి, నేలకి అందంగా అతికించడానికి పోతోంది. నాయన పని రాయి కోసి నునుపు పెట్టడం. ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా బూడిద రంగు పొడి ఉండేది. మాస్కు అంటే ఆయనకి తెలిసింది తువ్వాలే, ముక్కుకి అడ్డంగా కట్టుకునేవాడు. రాతి పొడిలో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే జబ్బు సిలికోసిస్. అది వచ్చిన మనుషుల్ని మా వీధిలోనే చూశాను. మెట్టు ఎక్కితే ఆయాసం, ఆ తర్వాత మంచం. నాయన బయటపడ్డాడు. తువ్వాలు వల్లనా, అదృష్టం వల్లనా అంటే చెప్పలేను.

కానీ ఆ జబ్బుకి చట్టంలో పేరుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో సిలికోసిస్ ఉంది. ఫ్యాక్టరీ కార్మికుడిలో ఆ జబ్బు కనిపెట్టిన డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాలని ఆ చట్టంలోనే రాశారు. అమలు సంగతి తువ్వాలు కట్టుకున్న నాయన్ని అడిగితే చాలు. అయినా కాగితం మీద ఉంది కదా, అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

హెచ్‌ఆర్ ఫోన్ తర్వాత కోపంగా ఆ చట్టం తెరిచి చదివాను. 35వ సెక్షన్ కళ్ల రక్షణ గురించి. రవ్వలు ఎగిరే పనుల్లో, కళ్లు దెబ్బతినేంత వెలుగు దగ్గర చేసే పనుల్లో కార్మికులకి 'స్క్రీన్లు' గానీ కళ్లజోళ్లు గానీ ఇచ్చేలా ప్రభుత్వం రూల్స్ పెట్టొచ్చట. చూశారా, 1948లో స్క్రీన్ అంటే కంటిని కాపాడే అడ్డు! 17వ సెక్షన్ ఇంకా ముచ్చటగా ఉంది. పనిచేసే చోట మిరుమిట్లు, కళ్లు శ్రమపడేలా నీడలు పడకుండా చూడాలంటుంది. గిద్దలూరు కుర్రాడి ఫ్లెక్సీ ముక్క చేస్తున్న పని అదే. కాకపోతే ఆ సెంటరు ఫ్యాక్టరీ కాదు. నా మంచం అసలే కాదు.

ఇక బయటి దేశాల సంగతి చూద్దాం. 1990 మే నెలలో యూరప్ దేశాలు కొన్ని కలిసి స్క్రీన్ ముందు పనిచేసేవాళ్ల కోసమే విడిగా ఒక ఆదేశం తెచ్చాయి. అప్పటికింకా మా ఊళ్లో కంప్యూటర్ అంటే పేపర్లో బొమ్మ చూడటమే. దాని ప్రకారం బ్రిటన్ 1992లో రూల్స్ చేసి, 1993 జనవరి 1 నుంచి అమల్లో పెట్టింది. రోజూ కనీసం గంటసేపు ఆపకుండా స్క్రీన్ ముందు కూర్చునే ఉద్యోగి ఎవరైనా దాని కిందికి వస్తారు. అతని కుర్చీ, టేబుల్, వెలుగు, స్క్రీన్ ఎత్తు ఎలా ఉన్నాయో యజమాని ముందే తనిఖీ చేయించాలి. మధ్యలో విరామమో, వేరే పనో ఉండేలా చూడాలి. ఉద్యోగి అడిగితే కంటి పరీక్ష కంపెనీ ఖర్చుతోనే చేయించాలి. స్క్రీన్ పనికే ప్రత్యేకంగా అద్దాలు కావాలని తేలితే వాటి ఖర్చు కూడా కంపెనీదే. ఇంటి నుంచి పనిచేసినా ఇవే రూల్స్.

ఇందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఉద్యోగిని ఎవరూ "దీనివల్లే వచ్చిందని లెటర్ ఉందా" అని అడగక్కర్లేదు. జబ్బు రాకముందే కుర్చీని చూస్తారు. సిలికోసిస్‌లో కారణం స్పష్టం, రాతి పొడి. మెడ నొప్పికి కారణం పది ఉండొచ్చు. కారణం తేలేదాకా ఆగితే ఎప్పటికీ ఏదీ జరగదు. అందుకే వాళ్లు నొప్పి జోలికి పోకుండా కుర్చీ ఎత్తు కొలిచారు.

అయితే అక్కడ కూడా అన్నీ వాటంతటవే జరిగిపోవు. రొమేనియాలో ఇమిగ్రేషన్ శాఖ ఉద్యోగి ఒకాయన ఉన్నాడు. రోజంతా స్క్రీన్ ముందు పని, సరైన సహజ వెలుగు లేదు, చూపు తగ్గింది. కొత్త అద్దాలకి 2,629 లెయ్ అయింది. లెయ్ అంటే వాళ్ల రూపాయి అనుకోండి. ఆ డబ్బులిమ్మంటే ఆఫీసు కుదరదంది. కోర్టుకెళ్లాడు. చివరికి అది యూరప్ అత్యున్నత న్యాయస్థానం దాకా పోయింది. 2022 డిసెంబరు 22న తీర్పొచ్చింది. స్క్రీన్ పనిలో చూపు ఇబ్బందికి వాడే కళ్లజోడు కూడా ఆ రూల్ కిందికి వస్తుంది, దాన్ని ఆఫీసులో మాత్రమే పెట్టుకోవాలనేం లేదు, జీతంలో ఏదో అలవెన్సు కలిపి ఇస్తున్నాం కదా అంటే సరిపోదు అని. ఒక్క కళ్లజోడు కోసం అంత దూరం! మన దగ్గర అయితే "పోనీలేరా, ఎంతవుద్ది" అని నాయనే కొనిచ్చేవాడు.

మరి మన పరిస్థితి? పాత ఫ్యాక్టరీల చట్టంతో సహా చాలా చట్టాల్ని కలిపి 2020లో ఓఎస్‌హెచ్ కోడ్ అని ఒకటి చేశారు. పని ప్రదేశంలో భద్రత, ఆరోగ్యం గురించిన కోడ్. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. దాని 6వ సెక్షన్ ప్రకారం గాయం గానీ, వృత్తి వల్ల వచ్చే జబ్బు గానీ కలిగించే ప్రమాదాలు లేకుండా పని ప్రదేశాన్ని ఉంచడం యజమాని బాధ్యత. 14వ సెక్షన్ ప్రకారం తన ఆరోగ్యం, భద్రతకి సంబంధించిన సమాచారం అడిగే హక్కు, లోపం ఉంటే యజమానికి చెప్పుకునే హక్కు ఉద్యోగికి ఉన్నాయి. ఈ రెండు నంబర్లు ఫోన్లో నోట్ చేసుకోండి.

కానీ ఇందులో స్క్రీన్ ముందు కూర్చునేవాళ్ల కోసం విడిగా అధ్యాయం లేదు. కుర్చీ ఎత్తు లేదు, గంటకో విరామం లేదు, కంపెనీ ఖర్చుతో అద్దాలు లేవు. ఇంట్లో పనిచేసేవాడి టేబుల్ గురించి విడిగా ఒక్క మాట లేదు. పైగా మామూలుగా ఈ కోడ్ వర్తించేది పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట్లకి. మన ఊళ్లలో స్క్రీన్ మీద బతికేవాళ్లు ఎక్కడున్నారో ఒకసారి లెక్కేయండి. ఆన్‌లైన్ సెంటర్లో ఇద్దరు. ఫ్లెక్సీ డిజైన్ షాపులో ముగ్గురు, ఎన్నికలొస్తే వాళ్లకి తెల్లవార్లూ పనే. పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఫొటో స్టూడియోలో ఒకడు. కంభంలో మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి ఇంట్లో కూర్చుని సబ్‌టైటిల్స్ కొడుతుంది, గంటకింత అని డబ్బులు. వీళ్లలో ఎవరూ పదిమంది లెక్కలోకి రారు.

ఇక 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల సంగతి. అందులో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు, పొద్దున్నించీ స్క్రీనే, వేలిముద్ర మెషీనే. నాకు తెలిసిన అక్క ఒకామె ఆ ఉద్యోగమే చేస్తుంది. "సర్వర్ డౌన్ అయితే జనం తిడతారు గానీ, నాకు మాత్రం అదే రెస్ట్ రా" అంటుంది. జోకే, కానీ వినగానే నాకు నవ్వు రాలేదు.

ముందు ముందు ఈ లెక్క పెరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వర్క్ ఫ్రమ్ హోమ్‌ని, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం, పెద్ద ఎత్తున తెస్తామన్నారు. పట్టణాల్లో, మండలాల్లో కూడా ఐటీ ఆఫీసు స్థలాలు వచ్చేలా పాలసీ అన్నారు. మంచిదే. మార్కాపురం రోడ్ స్టేషన్లో సంచులు పట్టుకుని రైలెక్కేవాళ్లు తగ్గితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. నా అనుమానమల్లా, ఉద్యోగం ఊరికొచ్చినప్పుడు కుర్చీ కూడా వస్తుందా, లేక మళ్లీ కుట్టుమిషనేనా అని.

రూల్ వచ్చేదాకా మెడ ఆగదు కాబట్టి, నా చేతి తిమ్మిరి తగ్గడానికి పనికొచ్చినవి చెప్తాను. ఆ ఫోన్ వచ్చిన మర్నాడు నాయన బయటికెళ్లి పాత గోనెసంచిలో పలక రాయి ముక్కలు పట్టుకొచ్చాడు. ఒక్కొక్కటి అర అంగుళం మందం ఉంటుంది. నన్ను గోడకి ఆనించి నిటారుగా కూర్చోబెట్టి, నా కంటికి ఎదురుగా చెయ్యి అడ్డం పెట్టి, "తెర పై అంచు ఇక్కడికి రావాల, మెడ వంచబాక" అని లాప్‌టాప్ కింద ఒక్కో రాయి పేర్చుకుంటూ పోయాడు. పద్నాలుగు రాళ్లకి సరిపోయింది. పాతికేళ్లు వంగి పనిచేసిన మనిషి కదా, ఎక్కడ వంగితే ఎక్కడ పట్టేస్తుందో ఆయనకి ఏ వెబ్‌సైటూ చెప్పక్కర్లేదు. తర్వాత చూస్తే బ్రిటన్ వాళ్ల సూచన కూడా దాదాపు అదే. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకి అటూ ఇటూగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో.

లాప్‌టాప్ అంత ఎత్తెక్కితే దాని కీబోర్డు అందదు. విడి కీబోర్డు, మౌసు తప్పదు. నా డబ్బులతోనే కొన్నాను. మోచేతులు టేబుల్ ఎత్తుకి రావాలి, మణికట్టు పైకి కిందకి విరగకూడదు. కాళ్లు నేలకి ఆనాలి, ఆనకపోతే పీటేసుకోండి. కిటికీ వెనకా వద్దు, ఎదురుగా వద్దు, పక్కన ఉండేలా కూర్చోండి. రెండు గంటలకోసారి పావుగంట లేచే కంటే గంటకోసారి ఐదు నిమిషాలు లేవడం మేలు. లేచి మళ్లీ ఫోన్ చూస్తే అది విరామం కాదు, ఈ విషయంలో నేనూ దొంగనే.

కళ్ల సంగతి. స్క్రీన్ చూసేటప్పుడు మనం రెప్ప వేయడం బాగా తగ్గిస్తాం, అందుకే ఆ మంట. ఇరవై నిమిషాలకోసారి ఇరవై సెకన్లు దూరంగా దేనివైపైనా చూడండి. మాకైతే చెన్నకేశవస్వామి గుడి గోపురం ఉంది. ఫ్యాను గాలి మొహానికి నేరుగా కొట్టకుండా చూసుకోండి. ఇక బజార్లో 'బ్లూ కట్' అద్దాలని అదనంగా వసూలు చేస్తున్నారు కదా, 2023లో కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షల్ని కలిపి చూసింది. మామూలు అద్దాలతో పోలిస్తే వాటివల్ల కంటి శ్రమ తగ్గినట్టు కనపడలేదంది. ఆ డబ్బులు దాచుకుని కీబోర్డు కొనుక్కోండి. స్క్రీన్ వల్ల కళ్లు శాశ్వతంగా పోతాయన్న భయమూ వద్దు, దానికి ఆధారాల్లేవు. కానీ చూపులో ఉన్న చిన్న లోపం స్క్రీన్ దగ్గరే బయటపడుతుంది. కాబట్టి పరీక్ష మాత్రం చేయించుకోండి. వేళ్ల తిమ్మిరి వారాల తరబడి ఉంటే జిల్లేడాకు పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికెళ్లండి.

మీది పదిమంది దాటిన ఆఫీసయితే ఒక పని చేయండి. నొప్పి వచ్చాక రాసే మెయిల్ ఎలా ఉంటుందో నేను చూశాను. నొప్పి లేనప్పుడే రాయండి. మీరు కూర్చునే చోటు ఫొటో ఒకటి జతచేసి, ఇది నా పని ప్రదేశం, రోజుకి ఇన్ని గంటలు, దీన్ని చూసి ఏం మార్చాలో చెప్పండి అని నాలుగు లైన్లు. 14వ సెక్షన్ ప్రస్తావించండి. అందరూ కలిసి పెడితే ఇంకా మంచిది. నా తర్వాతి కంపెనీలో మేం పదకొండుమందిమి అలాగే పెట్టాం. కుర్చీలు రాలేదు గానీ, కీబోర్డులు, స్టాండ్లు వచ్చాయి. నా స్టాండు ఇంకా డబ్బాలోనే ఉంది. పలక రాళ్లు తీయబుద్ధి కాలేదు.

సర్టిఫికెట్ తీసుకోవడానికి పోయిన వారం మళ్లీ గిద్దలూరు వెళ్లాను. మానిటర్ పైకి లేచింది! కింద ఏ4 పేపరు కట్టలు మూడు ఉన్నాయి. కుర్రాడి మొహం సగమే కనపడుతోంది, కానీ మెడ నిటారుగా ఉంది.

"లైన్లో వాళ్లు అరవట్లేదా?" అన్నాను.

"గొంతు వినపడుద్ది కదన్నా. అదిగాక కంటికి కూడా కాస్త హాయిగా ఉంది" అని, నా సర్టిఫికెట్ ప్రింట్ కొట్టబోయి ఆగాడు. ప్రింటర్లో పేపరు అయిపోయింది. మానిటర్ వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఒక్క నిమిషం అన్నా" అని పక్క షాపులో కొత్త కట్ట తేవడానికి లేచి వెళ్లాడు.